గోడలో దాగిన ఉప్పు

బందరు బజారులోనో, గుడివాడలోనో పాత దుకాణాన్ని బాగుచేయించడం మీరు చూసే ఉంటారు. యజమాని అనుకున్నది కొత్త రంగు, అద్దాల తలుపు, నున్నని గచ్చు. అంతే. కాని తాపీపనివారు గోడమీద నాలుగు దెబ్బలు వేసేసరికి పెచ్చు ఊడి తెల్లని పొడి రాలుతుంది. స్లాబు అడుగున గీకితే, చిటికెన వేలంత ఉండవలసిన ఊచ పుల్లలా సన్నబడి కనిపిస్తుంది. పది రోజుల పని కాస్తా రెండు నెలలకు సాగుతుంది. ఇదంతా ఎందుకు జరిగింది?

ముందు తెల్లని పొడి సంగతి చూద్దాం. అది చాలావరకు ఉప్పే. మచిలీపట్నం వైపు వీచే సముద్రపు గాలిలో ఉప్పునీటి తుంపరలు ఉంటాయి. దివిసీమలో చాలాచోట్ల భూగర్భజలమే ఉప్పన. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో సముద్రమే ఊళ్ళలోకి చొచ్చుకువచ్చింది. ఇటుకలో కంటికి ఆనని సన్నని రంధ్రాలు ఉంటాయి. దీపపు వత్తి నూనెను పీల్చినట్లు, అవి పునాది నుండి తేమను పైకి పీలుస్తాయి. దీనినే కేశనాళికీయత అంటారు. నీరు ఆవిరైపోతుంది. ఉప్పు మిగిలిపోయి, స్ఫటికాలుగా పెరిగి, పెచ్చును బయటకు నెడుతుంది.

ఇక ఇనుము మాట. కాంక్రీటు గట్టి క్షారం. కొత్తగా ఉన్నప్పుడు దాని పి.హెచ్. విలువ 12 నుండి 13 దాకా ఉంటుంది. అంతటి క్షారంలో ఊచలపై పలుచని ఆక్సైడు పొర ఏర్పడి, తుప్పు పట్టకుండా కాపాడుతుంది. ఈ కవచానికి శత్రువులు ఇద్దరు. మొదటిది గాలిలోని బొగ్గుపులుసు వాయువు. అది కాంక్రీటులోని సున్నంతో కలిసి కాల్షియం కార్బనేటు అవుతుంది. అప్పుడు పి.హెచ్. 9కి దిగువకు పడిపోతుంది. రెండవది ఉప్పులోని క్లోరైడు. క్షారం తగ్గకపోయినా అది పొరను ఛేదిస్తుంది. అందుకే ఊచలు వేసే కాంక్రీటును కలిపే నీటిలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు మించరాదని భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 456 చెబుతోంది. సముద్రపు నీటిలో అది సుమారు 19,000 మిల్లీగ్రాములు!

తుప్పు, తాను పుట్టిన ఇనుము కన్న రెండు నుండి ఆరు రెట్లు ఎక్కువ చోటు తీసుకుంటుంది. ఆ ఒత్తిడికి కాంక్రీటు పగులుతుంది. అయితే పగుళ్ళన్నీ ఒకటి కావు. ఊచ వెంబడి తిన్నగా సాగి, గోధుమరంగు మరక ఉన్నది తుప్పు పగులు. కిటికీ మూల నుండి ఏటవాలుగా పోయేది సాధారణంగా పునాది కదలిక వల్ల వచ్చినది. నల్లరేగడి నేల వానకు ఉబ్బి, ఎండకు కుంగుతుంది కదా!

పగలగొట్టక ముందే ఈ రహస్యాలను కొంతవరకు తెలుసుకోవచ్చు. చిన్న సుత్తితో తట్టి చూస్తే, విడిపోయిన చోట డొల్ల శబ్దం వస్తుంది. కొత్తగా చెక్కిన కాంక్రీటుపై ఫినాఫ్తలీన్ చుక్కలు వేస్తే, క్షారం మిగిలిన భాగం గులాబీరంగుకు మారుతుంది, పోయిన భాగం మారదు. ఉప్పును పట్టడానికి, రాలిన పొడిని స్వేదనజలంలో కలిపి వడకట్టండి. కొద్దిగా సజల నత్రికామ్లం, ఆపైన సిల్వర్ నైట్రేటు వేయండి. తెల్లని అవక్షేపం వస్తే క్లోరైడు ఉన్నట్లే. బావినీరు వాడకండి, దానిలోనే క్లోరైడు ఉండవచ్చు! ఈ ప్రయోగం మీ ఉపాధ్యాయుల సమక్షంలోనే చేయాలి.

ఇంకొక మాట. పాత కట్టడాలలో పై అంతస్తు బరువును తరచు గోడలే మోస్తాయి. దుకాణం వెడల్పు చేద్దామని నడిమి గోడను తీసేస్తే పైకప్పు కూలవచ్చు. కాబట్టి ఇంజనీరుకు చూపించి, సరుగుడు బాదులతోనో ఇనుప గొట్టాలతోనో ముందు స్లాబుకు ఆనింపు పెట్టాలి. ఆ తరువాత ఉప్పు పట్టిన కాంక్రీటును ఊచ వెనుక దాకా చెక్కి, తుప్పు గీకి, బాగా అరిగిన ఊచకు తోడుగా కొత్తది వేసి, మంచి కాంక్రీటుతో పూడ్చాలి.

పైపైన సిమెంటు పూసి, దాని కింద అందమైన అట్టల కప్పు బిగిస్తే తుప్పు ఆగదు. మన కంటికి కనబడకుండా పోతుంది, అంతే. ఆ కప్పు కిందనే రోజూ మనుషులు నిలబడి సరుకులు కొంటుంటారు.