మెత్తని పగడానికి నిలకడే ప్రాణం

లైట్లు, పంపులు, తొట్టి అన్నీ కొనుక్కోవచ్చు. రోజూ ఒకేలా ఉండే నీళ్లను మాత్రం ఇంట్లోవాళ్లే నిలబెట్టుకోవాలి. ఇంటి తొట్టిలో సాఫ్ట్ కోరల్స్, అంటే మెత్తని పగడాల పెంపకమంతా ఆ ఒక్క పనిమీదే ఆధారపడి ఉంది.

పుస్తెలతాడులో గుచ్చుకునే ఎర్ర పగడం, అసలైనదైతే, చాలావరకు మధ్యధరా సముద్రపుదే. భారతీయులకు పగడమంటే ఎంత మోజో రోమన్ రచయిత ప్లినీ దాదాపు రెండు వేల ఏళ్ల కిందటే రాసిపెట్టాడు. ఆ పగడాన్ని కట్టే జీవి కొరాలియం రూబ్రమ్. దాని ఒక్కో పాలిప్‌కి ఎనిమిది టెంటకిల్స్, వాటి అంచుల వెంట ఈకల్లాంటి చీలికలు. లక్షదీవుల్లో, అండమాన్‌లో దిబ్బలు కట్టే రాతి పగడాలది వేరే వంశం, వాటి లెక్క ఆరుతో నడుస్తుంది. నగల పగడానికి దగ్గరి చుట్టాలు ఆ రాతి పగడాలు కావు. ఇళ్లలో నీలి వెలుగు కింద ఊగే మెత్తని పగడాలే.

వీటికి రాతి అస్థిపంజరం ఉండదు. కండలో సన్నని సున్నపు పలుకులు మాత్రం చెదిరి ఉంటాయి. ఒంట్లోకి నీళ్లు నింపుకుని నిలబడతాయి. గొడుగు విప్పే టోడ్‌స్టూల్ లెదర్, వేళ్లువేళ్లుగా పెరిగే సైనులేరియా, కొమ్మలేసే కెన్యా ట్రీ, రాయంతా పాకే గ్రీన్ స్టార్ పాలిప్స్, అదేపనిగా గుప్పిట మూసి తెరిచే జీనియా దుకాణాల్లో ఎక్కువగా దొరుకుతాయి.

తిండి పెట్టేది వెలుగే

ఈ పగడాల కణాల్లో జూజాంథెల్లే అనే సూక్ష్మ శైవలాలు కాపురముంటాయి. అవి వెలుగుతో చక్కెరలు తయారుచేసి పగడానికి పంచుతాయి. అందుకే రోజుకు 8 నుంచి 10 గంటల వెలుగు చాలు, వేరే తిండి కోసం హైరానా పడక్కర్లేదు. జీనియా గుప్పిట ఆడించడం వెనక మర్మమూ ఇక్కడే ఉంది. దాని చుట్టం హెటెరోజీనియా మీద ఎర్రసముద్రంలో చేసిన పరిశోధన 2013లో వెలువడింది. ఆ కదలిక ఒంటి చుట్టూ పేరుకునే ఆక్సిజన్‌ను తరిమేస్తుందనీ, దాంతో శైవలాల కిరణజన్య సంయోగక్రియ పెరుగుతుందనీ అది తేల్చింది.

డెండ్రోనెఫ్తియాకు మాత్రం దూరంగా ఉండాలి. ఎరుపు, నారింజ రంగుల్లో కళ్లు చెదరగొడుతుంది కానీ దాని ఒంట్లో శైవలాలు లేవు. నీటిలో తేలే అతి సన్నని ఆహారం రాత్రింబవళ్లు అందకపోతే ఇంటి తొట్టిలో కొద్ది వారాలకే కరిగిపోతుంది.

వంటింటి ఆర్‌ఓ చాలదు

కుళాయి నీళ్లలో క్లోరిన్, బోరు నీళ్లలో నైట్రేట్, సిలికేట్ ఉంటాయి. పాత ఫిట్టింగుల నుంచి రవ్వంత రాగి కలిసినా పగడానికి విషమే. ఇంట్లో ఆర్‌ఓ ఉందిగా అనుకోవడానికి లేదు. తాగే నీటికి రుచి రావాలని చాలా యంత్రాలు కొంత పచ్చి నీటినో ఖనిజాలనో మళ్లీ కలుపుతాయి. పగడానికి టీడీఎస్ (నీటిలో కరిగిన పదార్థాల కొలత) సున్నా ఉన్న నీళ్లు కావాలి. అంటే ఆర్‌ఓ తర్వాత డీఐ రెసిన్ ఫిల్టర్ కూడా ఉండాలి. ఆ నీటిలో రీఫ్ సాల్ట్ కలపాలి. వంటింటి ఉప్పులో కాల్షియం, మెగ్నీషియం చాలవు.

నీళ్లు, రాళ్లు సిద్ధమయ్యాక తొట్టిని నాలుగు నుంచి ఆరు వారాలు ఆడనివ్వాలి. ఈలోగా బ్యాక్టీరియా స్థిరపడి అమ్మోనియాను నైట్రైట్‌గా, నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు దిగాకే మొదటి పగడం వెయ్యాలి.

ఎండాకాలం పరీక్ష

24 డిగ్రీలా, 26 డిగ్రీలా అన్నది వీటికి పెద్ద పట్టింపు కాదు. పొద్దున 24 ఉండి మధ్యాహ్నానికి 29 అయితేనే ముప్పు. వేడి ముదిరితే పగడం తన శైవలాలను వదిలేసి తెల్లబడుతుంది. 2024 ఏప్రిల్‌లో శాస్త్రవేత్తలు ప్రకటించిన నాలుగో ప్రపంచవ్యాప్త బ్లీచింగ్‌లో సముద్రాల్లో జరిగిందీ ఇదే.

నీటిమీద ఫ్యాను పెడితే ఆవిరితో చల్లబడుతుంది. హైదరాబాద్ పొడి వేడిలో ఈ ఉపాయం బాగానే పారుతుంది. విశాఖ ఉక్కపోతలో అంతగా పారదు, అక్కడ చిల్లర్ తప్పదు. ఫ్యానుతో ఇంకో చిక్కూ ఉంది. నీరు ఆవిరవుతుంది, ఉప్పు మిగులుతుంది. 100 లీటర్ల తొట్టిలో 5 లీటర్లు తగ్గితే 35 ఉన్న లవణీయత దాదాపు 37కి చేరుతుంది. తగ్గినంత మేరా ఉప్పు కలపని శుద్ధమైన నీళ్లే రోజూ పోయాలి.

కరెంటు పోయినప్పుడు లైట్ల కోసం కంగారు పడనక్కర్లేదు. నీటి కదలిక ఆగి ఆక్సిజన్ పడిపోవడమే అసలు ప్రమాదం. ఇన్వర్టర్ మీద ఒక్క వేవ్ మేకరైనా తిరగాలి. లేదంటే బ్యాటరీ ఎయిర్ పంపు సిద్ధంగా ఉండాలి.

చేతులు కట్టుకుంటే మేలు

టోడ్‌స్టూల్ లెదర్ ఒక్కోసారి ముడుచుకుపోయి, పాలిప్స్ లోపలికి లాక్కుని, మైనం పూసినట్టు మెరుస్తుంది. చచ్చిపోతోందని చాలామంది దాని చోటు మారుస్తారు, మందులు పోస్తారు. నిజానికి అది పైపొర వదిలే పనిలో ఉంటుంది. పొరతోపాటు ఒంటిమీది పాచి, మురికి పోతాయి. కొద్ది రోజులు, ఒక్కోసారి వారం పైనే పట్టినా, నీటి కదలిక బాగుంటే దానంతటదే విప్పుకుంటుంది. కుళ్లిన వాసన వచ్చి కండ ఊడుతుంటేనే జోక్యం అవసరం.

కదల్లేని ఈ జీవులు పొరుగువాళ్లతో రసాయనాలతో పోరాడతాయి. లెదర్ కోరల్స్ నీటిలోకి వదిలే టెర్పీన్లు పక్కనున్న రాతి పగడాల ఎదుగుదలను అణిచేస్తాయి. మధ్యలో జానెడు ఎడం, ఫిల్టర్‌లో ఎప్పటికప్పుడు మార్చే యాక్టివేటెడ్ కార్బన్ ఈ తగవును అదుపులో పెడతాయి.

వీటితోపాటే అమ్మే జోయాంథిడ్స్‌తో జాగ్రత్త. కొన్నింటిలో పాలీటాక్సిన్ అనే భయంకరమైన విషముంటుంది. గ్లౌజులు, కళ్లద్దాలు లేకుండా ముట్టుకోకూడదు. అవి అంటిన రాళ్లను ఎట్టి పరిస్థితుల్లోనూ నీళ్లలో మరిగించకూడదు.

నీటి కొలతలు

ఉష్ణోగ్రత: 24–26 డిగ్రీల సెల్సియస్
లవణీయత: లీటరుకు 35 గ్రాములు, సాపేక్ష సాంద్రత దాదాపు 1.026
పీహెచ్: 8.1–8.4
ఆల్కలినిటీ: 8–9 డీకేహెచ్
కాల్షియం: 400–450 పీపీఎం
నైట్రేట్: 2–10 పీపీఎం
ఫాస్ఫేట్: 0.03–0.1 పీపీఎం
నీటి మార్పు: వారానికి 10 శాతం

నైట్రేట్, ఫాస్ఫేట్ సున్నా అయితే సంబరపడొద్దు. మరీ పరిశుభ్రమైన నీటిలో మెత్తని పగడాలు చిక్కిపోతాయి. ఏ అంకె తేడాగా ఉన్నా ఒక్కరోజులో సరిచేయబోవద్దు.

ఎక్కడిదని అడగండి

రాతి పగడాలు, నల్ల పగడాలు, సీ ఫ్యాన్లు, ఆర్గన్ పైప్, ఫైర్ కోరల్ వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లోకి 2001లోనే చేరాయి. మన సముద్రాల నుంచి వాటిని తీయడం, అమ్మడం నేరం. పగడపు ముక్కలుండే సముద్రపు రాళ్లతోనూ అదే తంటా కాబట్టి కృత్రిమ రాళ్లే వాడాలి. సాఫ్ట్ కోరల్ కొన్నా తొట్టిలో పెంచిన ముక్కనే అడగాలి. అది కష్టమేమీ కాదు. లెదర్ కోరల్ గొడుగును పదునైన బ్లేడుతో కోసేస్తే మిగిలిన కాడ కొత్త గొడుగు వేస్తుంది. కోసిన ముక్కలను చిన్న రాళ్లమీద వలగుడ్డతో కట్టిపెడితే రెండు మూడు వారాల్లో అతుక్కుంటాయి. ఒక్క తల్లి పగడం నుంచి ఎన్నో తొట్లు నిండుతాయి.

కొనేముందు ఒక పని చెయ్యండి. ఏప్రిల్, మే నెలల్లో పగడం లేకుండానే తొట్టి నడపండి. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి ఉష్ణోగ్రత, లవణీయత రాసి పెట్టండి. కరెంటు కోతలు, ఊరి ప్రయాణాలు కలుపుకుని కూడా అంకెలు నిలకడగా ఉంటే ధైర్యంగా మొదటి ముక్క తెచ్చుకోండి. ఊగిసలాడితే ఆ డబ్బు ముందు చిల్లర్ మీద పెట్టండి.