సైకాలజీ టీఏ: వారానికి 9 గంటల లెక్క

అమెరికాలో సైకాలజీ చదివే డిగ్రీ విద్యార్థులు పై తరగతులకు వచ్చాక ప్రొఫెసర్ దగ్గర టీచింగ్ అసిస్టెంట్ (టీఏ)గా చేరుతుంటారు. తాము పాసైన కోర్సులోనే జూనియర్లకు సాయపడటం వాళ్ల పని. కొన్నిచోట్ల జీతమిస్తారు, కొన్నిచోట్ల క్రెడిట్లే. అక్కడి ఫెడరల్ నిర్వచనం ప్రకారం సుమారు 15 వారాల సెమిస్టర్‌లో ఒక్కో క్రెడిట్‌కు వారానికి కనీసం 3 గంటల పని. అంటే 3 క్రెడిట్ల టీఏకి వారానికి 9 గంటలు, మొత్తం 135.

ఆ 9 గంటలు ఎటు పోతాయన్నదే అసలు విషయం. 40 మంది జవాబులు ఒక్కోటి 10 నిమిషాల చొప్పున దిద్దితే 6 గంటల 40 నిమిషాలు. క్లాసుకూ, విద్యార్థులతో మాట్లాడటానికీ కలిపి మిగిలేది 2 గంటల 20 నిమిషాలే. ఇది తలకిందుల పంపకమని నా అభిప్రాయం.

సైకాలజిస్టు ఫ్రెడ్ కెల్లర్ 1968లో ప్రచురించిన బోధనా పద్ధతికి ఆయువుపట్టు ఇలాంటి విద్యార్థులే. పాఠాన్ని చిన్న భాగాలు చేసి, ఒకటి పూర్తిగా వచ్చాకే తర్వాతిదానికి పంపేవారు. జవాబు అక్కడికక్కడే దిద్ది, తప్పెక్కడో ఎదురుగా కూర్చుని చెప్పేది కోర్సు ముగించిన విద్యార్థే. 1979లో జేమ్స్ కులిక్ బృందం 75 అధ్యయనాలను కలిపి చూస్తే, మామూలు క్లాసులకన్నా ఈ పద్ధతిలో ఫైనల్ మార్కులు సగటున 8 శాతం పాయింట్లు ఎక్కువ.

మాట్లాడటమంటే పాఠం మళ్లీ చెప్పడం కాదు. "నెగెటివ్ రీఇన్‌ఫోర్స్‌మెంట్ అంటే శిక్షే కదా?" అని జూనియర్ అడిగితే నిర్వచనం అప్పజెప్పకండి. "సీటు బెల్టు పెట్టుకోకపోతే కారులో ఏమవుతుంది?" అనండి. బీప్ మోగుతుంది. పెట్టుకుంటే? ఆగిపోతుంది. మరి రేపు? ఎక్కగానే పెట్టుకుంటా. చికాకు తొలగింది, అలవాటు బలపడింది; శిక్షైతే ఆ పని తగ్గాలి కదా! తేడా తనంతట తనే పట్టుకుంటాడు.

తనతో చెప్పించడం ఎందుకో సైకాలజిస్టులు రోడిగర్, కార్పికేల 2006 ప్రయోగం చూపింది. పాఠాన్ని రెండుసార్లు చదివినవాళ్లకు వారం తర్వాత 42 శాతం గుర్తుంది. ఒకసారి చదివి, చూడకుండా గుర్తుచేసుకుని రాసినవాళ్లకు 56 శాతం. ఐదు నిమిషాలకే పరీక్షిస్తే మాత్రం రెండుసార్లు చదివినవాళ్లదే పైచేయి: 81, 75.

మన దగ్గర్నుంచి ఎఫ్-1 వీసాపై వెళ్లినవాళ్లు ఇంకో లెక్క చూసుకోవాలి. సెమిస్టర్ నడిచేటప్పుడు క్యాంపస్ ఉద్యోగాలు వారానికి 20 గంటలు దాటకూడదు. జీతమిచ్చే టీఏ పనీ అందులోకే వస్తుంది. చేరేముందే ప్రొఫెసర్‌ను అడగండి: దిద్దడానికెన్ని గంటలు, విద్యార్థులతో ఎన్ని? రెండోది మొత్తంలో సగం కన్నా తక్కువైతే, పెంచమని అడగండి.