తీగ లేని గేటు ఇంటర్‌కామ్

గేటు దగ్గర నిలబడిన మనిషితో ఇంట్లోంచే మాట్లాడి, కావాలంటే అక్కడి నుంచే తాళం తీయడానికి పనికొచ్చే పరికరం ఇంటర్‌కామ్. గేటుకీ ఇంటికీ మధ్య తీగ లాగగలిగినంతవరకు ఇందులో పెద్ద చిక్కేమీ లేదు. రెండు చివర్లా మైకు, స్పీకరు, మధ్యలో యాంప్లిఫయరు ఉంటే సరిపోతుంది. గేటు దూరంగా ఉండి, మధ్యలో సిమెంటు బాట అడ్డొచ్చినప్పుడే కష్టం. బాట తవ్వాలి, పైపు వేయాలి, ఏడాది తిరక్కుండా ఎలుక కొరికిన చోటు వెతుక్కోవాలి. ఆ తీగను తీసేసి, మాటను రేడియో తరంగాల మీద పంపేదే వైర్‌లెస్ ఇంటర్‌కామ్.

ఇంటి కోసం ఇలాంటి ప్రయత్నం అమెరికాలో పసిపిల్లల గదిలో జరిగింది. 1932లో విమానచోదకుడు లిండ్‌బర్గ్ పసిబిడ్డను దుండగులు ఎత్తుకుపోయి చంపిన ఘటన ఆ దేశాన్ని కుదిపేసింది. ఆ తర్వాత 1937లో జెనిత్ కంపెనీ ‘రేడియో నర్స్’ను తయారుచేసింది. దాని రూపాన్ని శిల్పి ఇసాము నొగుచి తీర్చిదిద్దాడు. ఉయ్యాల దగ్గర మైకు, పెద్దల గదిలో స్పీకరు. రెండింటినీ కలిపే ప్రత్యేకమైన తీగ ఉండేది కాదు, ఇంటి కరెంటు తీగల్లోనే రేడియో సంకేతం ప్రయాణించేది. అయితే బయటి ప్రసారాలు కూడా అందులోకి చొరబడేవి. పైగా మాట ఒకవైపే వెళ్లేది.

రెండు వైపులా మాట్లాడే చేతి రేడియో సరిగ్గా అదే కాలంలో పుట్టింది. కెనడాలో డొనాల్డ్ హింగ్స్ 1937లో, అమెరికాలో అల్ఫ్రెడ్ గ్రాస్ 1938లో ఇలాంటి రేడియోలు తయారుచేశారు. రెండో ప్రపంచ యుద్ధంలో మోటరోలా కంపెనీ సైన్యానికి ఇచ్చిన ‘ఎస్‌సీఆర్-300’ను సైనికులు వీపున మోసేవారు. బరువు దాదాపు 15 కిలోలు. ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్ 1933లో పేటెంట్ పొందిన ఎఫ్‌ఎం పద్ధతిలో అది పనిచేసేది. ఇంజిన్లు, మోటార్ల నిప్పురవ్వల వల్ల వచ్చే గరగర ప్రధానంగా తరంగం ఎత్తును చెదరగొడుతుంది. ఎఫ్‌ఎంలో మాట ఉండేది ఎత్తులో కాదు, ఫ్రీక్వెన్సీ మార్పులో. అందుకే గరగర మధ్య కూడా మాట తేటగా వినిపిస్తుంది.

ఇంటి కాపలా, రెండు వైపులా మాట అనే ఈ రెండు దారులనూ తలుపు దగ్గర కలిపినది మేరీ వాన్ బ్రిటన్ బ్రౌన్ అనే నర్సు. న్యూయార్క్ నగరంలోని క్వీన్స్‌లో ఉండేది. వేళాపాళా లేని ఉద్యోగం వల్ల ఇంట్లో తరచు ఒంటరిగా ఉండాల్సివచ్చేది. పోలీసులు రావడానికి ఆలస్యమయ్యే పేట అది. ఎలక్ట్రానిక్స్ తెలిసిన భర్త ఆల్బర్ట్‌తో కలిసి 1966లో పేటెంట్‌కు దరఖాస్తు చేసింది. 1969 డిసెంబరులో అది మంజూరైంది. తలుపుకు వేర్వేరు ఎత్తుల్లో నాలుగు రంధ్రాలు, వాటి వెనక పైకీ కిందికీ జరిగే కెమెరా, పడకగదిలో టీవీ, బయటివారితో మాట్లాడే మైకు, లోపలి నుంచే తాళం తీసే బటన్. నేటి వీడియో డోర్‌బెల్‌లోని ముఖ్యాంశాలన్నీ దాదాపుగా అందులోనే ఉన్నాయి.

రేడియోలో అసలు చిక్కు దూరం కాదు, రెండు వైపులా మాట్లాడటం. ఒకే ఫ్రీక్వెన్సీ మీద ఏకకాలంలో పంపుతూ వినడం దాదాపు అసాధ్యం. సొంత ట్రాన్స్‌మిటర్ జోరులో అవతలి నుంచి వచ్చే బలహీనమైన సంకేతం మునిగిపోతుంది. అందుకే వాకీటాకీలో మీట నొక్కి మాట్లాడి, వదిలి వినాలి, ‘ఓవర్’ అనాలి. సైనికుడికి ఇది నేర్పవచ్చు. కొరియర్ కుర్రాడికీ, మొదటిసారి ఇంటికొచ్చిన చుట్టానికీ ఎవరు నేర్పుతారు? అందుకని గేటు ఇంటర్‌కామ్‌లో ఆ బాధ్యతను ఇంటివారి మీద పెట్టారు. వచ్చినవారు ఒక్కసారి బటన్ నొక్కితే చాలు. లోపలివారు మీట నొక్కినంతసేపూ గేటు పెట్టె వింటుంది, వదలగానే తనంతట తాను పంపడం మొదలుపెడుతుంది.

1990లలో ఐరోపా నుంచి వచ్చిన కార్డ్‌లెస్ ఫోన్ల ప్రమాణం డెక్ట్ మీట అవసరమే లేకుండా చేసింది. అందులో ప్రతి 10 మిల్లీసెకండ్ల కాలాన్నీ 24 ముక్కలు చేసి, 12 ఇటు, 12 అటు కేటాయిస్తారు. సెకనుకు 200 సార్లు దిశ మారుతున్నా చెవికి తెలియదు. టెలిఫోన్‌లో లాగే ఇద్దరూ ఒకేసారి మాట్లాడుకోవచ్చు.

ఇక దూరం సంగతికొస్తే, అమెరికాలో 2000లో లైసెన్సు లేకుండా వాడుకోవడానికి 151–155 మెగాహెర్ట్జ్ మధ్య 5 ఛానళ్లు ఇచ్చారు. అక్కడి పొలాల గేట్లకు అవి బాగా పనికొచ్చాయి. ఈ తరంగం పొడవు దాదాపు 2 మీటర్లు, చెట్ల ఆకులు దాన్ని అంతగా ఆపలేవు. వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ తరంగం 12 సెంటీమీటర్లే. తడి ఆకులు, కాంక్రీటు గోడ దాన్ని త్వరగా నీరసింపజేస్తాయి. ఇనప రేకు గేటు ఏ తరంగానికైనా అడ్డే. కాబట్టి బయటి పెట్టెను గేటు రేకుకు కాకుండా పక్క స్తంభానికి, వీలైనంత ఎత్తున బిగించాలి.

భద్రత విషయంలో రెండు సంగతులు చాలామందికి తెలియవు. పాత ఎఫ్‌ఎం ఇంటర్‌కామ్‌లో మాటను ఆ ఫ్రీక్వెన్సీ పట్టే రిసీవరు ఉన్న ఎవరైనా వినవచ్చు. ‘ప్రైవసీ కోడ్’ అనేది ఇతరుల మాటలు మన స్పీకరులో రాకుండా ఆపుతుందే తప్ప మన మాటను దాచదు. రెండోది, తాళం తీసే రిలే బయటి పెట్టెలోనే ఉంటే, దాన్ని ఊడబెరికి రెండు తీగలు కలిపినవాడికి గేటు తెరుచుకోవచ్చు. రిలే ప్రహరీ లోపలివైపు ఉండాలి.

అమెరికాలో లైసెన్సు అక్కర్లేని ఫ్రీక్వెన్సీకి భారతదేశంలోనూ అక్కర్లేదని అనుకోకూడదు. ఇక్కడ తక్కువ శక్తి వాకీటాకీలకు 2018 నిబంధనల ప్రకారం మినహాయింపు ఉన్నది 446.0–446.2 మెగాహెర్ట్జ్ మధ్య. ఆన్‌లైన్‌లో అనుమతి లేని రేడియోల అమ్మకంపై 2025లో కేంద్రం మార్గదర్శకాలు కూడా తెచ్చింది. కొనేముందు పెట్టె మీద ఫ్రీక్వెన్సీ ఎంతో, ఎక్విప్‌మెంట్ టైప్ అప్రూవల్ ఉందో లేదో చూసుకోండి.