పందొమ్మిది పదహారైన వేళ

2025 ఫిబ్రవరిలో ఒక సాయంత్రం మా రెండవ అమ్మాయి బడి నుండి వచ్చి, సంచి ఒక మూలన పెట్టి, మగ్రిబ్ నమాజు ముగిసేవరకు ఎవరితోనూ మాట్లాడలేదు. దస్తర్‌ఖాన్ పరిచిన తరువాత మాత్రం తల వంచుకొని ఒకే మాట అన్నది: “అమ్మీ, సాంఘిక శాస్త్రంలో నా పందొమ్మిది పదహారైపోయింది.”

వరంగల్‌లో ఆ రోజులలో పదవ తరగతి పిల్లలున్న అనేక ఇళ్లలో ఈ అంతర్గత మార్కుల ప్రస్తావనే. విషయం తెలియని పాఠకుల కోసం క్లుప్తంగా చెబుతాము. మన రాష్ట్ర పదవ తరగతిలో ప్రతి పాఠ్యాంశానికి 80 మార్కులు వార్షిక రాతపరీక్షకు, 20 మార్కులు బడిలో ఏడాది పొడవునా జరిగే నిర్మాణాత్మక మూల్యాంకనానికి కేటాయించారు. దీనినే అందరూ ఎఫ్.ఏ. అంటారు. సంవత్సరానికి నాలుగు ఎఫ్.ఏ.లు. ఒక్కొక్క దానిలో తరగతిలో పాల్గొని ప్రతిస్పందించటం, రాతపని, ప్రాజెక్టు, లఘు పరీక్ష అనే విభాగాలకు అయిదేసి మార్కులుంటాయి. నాలుగింటి సగటు మెమోకు ఎక్కుతుంది. బడి వేసిన ఈ మార్కులను ఇతర పాఠశాలల నుండి వచ్చిన ఉపాధ్యాయుల బృందం పరిశీలిస్తుంది. పుస్తకాలు, నివేదికలు చూసి, ఆధారం కనిపించని చోట తగ్గిస్తుంది. మా అమ్మాయికి జరిగింది అదే.

ఆ యేడు ఈ 20 మార్కుల కథ ముందే ఒక మలుపు తిరిగి ఉన్నది. 2024 నవంబరు 28న ప్రభుత్వం అంతర్గత మార్కులను తొలగించి, రాతపరీక్షనే నూరు మార్కులకు జరుపుతామని ఉత్తర్వు ఇచ్చింది. విద్యాసంవత్సరం సగం గడిచాక ఇదేమిటని అభ్యంతరాలు రాగా, మరునాడే ఆ ఏటికి పాత పద్ధతే ఉంటుందని సవరించుకున్నది. ఆ ఒక్క రోజులో మా ఇంట ఏడుపు, సంబరం రెండూ జరిగాయి. రాసిన ప్రాజెక్టులన్నీ వృథా అని రాత్రి ఏడ్చిన పిల్ల, మరునాటి సాయంత్రం వాటిని తిరిగి సర్దుకున్నది. ఆ సర్దుకోవటంలోనే చిక్కు వచ్చిందని మాకు తరువాత తెలిసింది.

మార్కులు తగ్గిన వార్త విన్న రాత్రి మాలో ఒకరు ఆగ్రహంతో ఉదయమే బడికి వెళ్లి నిలదీస్తామన్నారు. మరొకరు, ముందు పిల్ల పుస్తకాలు చూద్దామన్నారు. రెండవ మాటే నెగ్గింది. ప్రధానోపాధ్యాయుల వారు మమ్మల్ని మర్యాదగానే కూర్చోబెట్టి దస్త్రం తెరిచారు. రెండు ఎఫ్.ఏ.లలో ప్రాజెక్టు నివేదికలు లేవు. అక్కడ 10 మార్కులు పోయాయి. మరొక ఎఫ్.ఏ.లో మా అమ్మాయి రాసిన సమాధానాలు తోటి విద్యార్థిని సమాధానాలతో అక్షరం పొల్లుపోకుండా సరిపోయాయి. అక్కడ 2 పోయాయి. మొత్తం 12. నాలుగుతో భాగిస్తే 3. లెక్క తిన్నగానే ఉన్నది.

ఇంటికి వచ్చి గోడ అల్మారా వెదికితే ఒక ప్రాజెక్టు దొరికింది. భద్రకాళి చెరువు నీటి గురించి రాసినది. జనగామ నుండి వచ్చిన నానీకి చూపించాలని ఇంటికి తెచ్చి, తిరిగి ఇవ్వటం మరచిపోయింది. రెండవది బడిలో ప్రదర్శనకు పెట్టిన తరువాత ఏమైనదో ఎవరూ చెప్పలేకపోయారు. మొదటిది మా పొరపాటు, రెండవది బడి పొరపాటు. ఆ సమాధానాల సంగతి అడిగితే పిల్ల చాలాసేపు మౌనంగా ఉండి, “నేనే చూసి రాశాను అబ్బా” అన్నది.

మేము ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. తగ్గిన మూడు మార్కులను అన్యాయమని ఒకే ముద్దగా చూసినంతకాలం ఇంట్లో శాంతి లేదు. వాటిని విడదీసి చూశాకనే పిల్ల ముఖం తేటపడింది. సూరె ముతఫ్ఫిఫీన్‌ను మనం సాధారణంగా అంగడి తూకాలకే అన్వయించుకుంటాము. తనకు రావలసినది పూర్తిగా కొలిపించుకొని, ఇతరులకు కొలిచేటప్పుడు తగ్గించేవారిని ఆ సూరె హెచ్చరిస్తుంది. చూసి రాసినదానికి పూర్తి మార్కు కోరుకోవటం కూడా తూకం సంగతే కదా అని ఆ రాత్రి మాకు తోచింది. అట్లని కనబడకుండా పోయిన ప్రాజెక్టు విషయంలో మౌనం వహించలేదు. ప్రాజెక్టు ప్రదర్శనలో ఉన్నదని చూసిన ఉపాధ్యాయుల పేర్లతో ఒక విన్నపం రాసి, దొరికిన నివేదికను జతచేసి బడిలో ఇచ్చాము. అప్పటికే బృందం సంతకాలు చేసి వెళ్లింది. మార్పు జరగలేదు.

ఇటువంటి బాధ మన ఒక్కరిది కాదు. 2020లో కరోనా వలన ఇంగ్లండులో పరీక్షలు రద్దయినప్పుడు, ఉపాధ్యాయులు అంచనా వేసిన గ్రేడ్లను గణిత సూత్రంతో సవరించారు. ఆగస్టు 13న ఫలితాలు రాగా దాదాపు 40 శాతం అంచనాలు తగ్గినట్లు తేలింది. పిల్లలు వీధుల్లోకి వచ్చారు. 17న ప్రభుత్వం ఉపాధ్యాయుల అంచనాలకే తిరిగి వచ్చింది. మరుసటి యేడు సి.బి.ఎస్.ఇ. పదవ తరగతిలో బడి ఇచ్చే మార్కులు ఆ బడి గత మూడేళ్లలోని ఉత్తమ ఫలితానికి దగ్గరగా ఉండాలని నియమం పెట్టింది. బడి గతం బలహీనమైతే నేటి తెలివైన పిల్లకు నష్టం. మరో ప్రక్క, అదే 2021లో తెలంగాణ పదవ తరగతిలో ఎఫ్.ఏ. మార్కుల ఆధారంగా గ్రేడ్లు ఇవ్వగా రెండు లక్షల మందికి పైగా పదికి పది జి.పి.ఎ. పొందారు. బయటివారి పరిశీలన ఎందుకు అవసరమో ఆ సంఖ్యే చెబుతుంది. ఇష్టం లేకున్నా మేము ఒప్పుకోవలసి వచ్చింది.

పదవ తరగతి పిల్లలున్న సోదర సోదరీమణులకు మా అనుభవం ఉపయోగపడవచ్చు. ప్రతి ప్రాజెక్టును బడికి ఇచ్చే ముందు నకలు తీయించండి. పది రూపాయల జిరాక్సు మాకు ఒక గ్రేడు మిగిల్చేది. ఇచ్చిన తేదీని పిల్ల డైరీలో రాయించి ఉపాధ్యాయుల సంతకం అడగండి. అది అవమానమని ఎవరూ అనుకోరు. బృందం రాకముందే, జనవరిలోనే, దస్త్రం ఒకసారి చూపించమని అడగండి. ఫలితాల తరువాత చేసే రీకౌంటింగుకు పాఠ్యాంశానికి 500 రూపాయలు, రీవెరిఫికేషనుకు 1000 రూపాయలు రుసుము. అవి రాతపరీక్ష జవాబుపత్రాలకే గాని ఈ 20 మార్కులకు కావు. ఆశతో డబ్బు కట్టి నిరాశపడినవారున్నారు. అన్నిటికీ మించి, పిల్ల వినేటట్లు ఉపాధ్యాయులను దూషించకండి. మిగిలిన 80 మార్కులకు ఆమెను సిద్ధం చేయవలసినది వారే.

ఆ సంవత్సరం పరీక్షలు మార్చి 21న మొదలయ్యాయి. రంజాన్ నెల అది. సహరీకి అందరికంటే ముందు లేచి, ఫజ్ర్ తరువాత నిద్రపోకుండా చదివేది. ఉపవాసం మానుకొమ్మని ఎవరో బంధువులంటే నవ్వి ఊరుకున్నది. పండుగ వచ్చింది, కొత్త బట్టలు కట్టుకున్నది, మధ్యాహ్నం మళ్లీ పుస్తకం పట్టుకున్నది. ఏప్రిల్ 30న ఫలితాలు వెలువడ్డాయి. సాంఘిక శాస్త్రంలో రాతపరీక్షకు 73, అంతర్గతానికి 16, మొత్తం 89, గ్రేడు ఏ2. ఆ మూడూ ఉంటే 92, ఏ1. ఆ యేటి నుండి మెమోలో మార్కులు కూడా ముద్రిస్తున్నందున ఆ పదహారు ఎప్పటికీ అక్కడే ఉంటుంది.

ఇంటరులో చేరేటప్పుడు కళాశాలలో ఆ అంకెను ఎవరూ అడగలేదు. తరువాతి సంవత్సరానికి కూడా 20 మార్కుల పద్ధతినే కొనసాగించాలని ప్రభుత్వం నిర్ణయించింది. తొమ్మిదవ తరగతికి వచ్చిన మా చిన్నవాడి నివేదికలను ఇప్పుడు వాడి ఆపానే నకలు తీయించి, గోడ అల్మారాలో వేరే అరలో పెడుతున్నది. ప్రదర్శనకు వెళ్లిన ఆ రెండవ ప్రాజెక్టు మాత్రం నేటికీ దొరకలేదు.