డ్యూకులు, కట్నాలు, నాట్యశాలలు: రీజెన్సీ ప్రణయ నవలలపై అపోహలు – వాస్తవాలు

ఆంగ్లంలో ‘రీజెన్సీ రొమాన్స్’ అని పిలిచే చారిత్రక ప్రణయ నవల ఇరవయ్యో శతాబ్దంలో రూపుదిద్దుకొన్నది. 2020 డిసెంబరులో నెట్‌ఫ్లిక్స్‌లో ‘బ్రిడ్జర్టన్’ ధారావాహిక వెలువడిన తరువాత, అంతకుముందు దాని పేరైనా వినని పాఠకులకు కూడా అది చేరువైంది. పాఠకులతోపాటు అపోహలూ పెరిగాయి. ఒక చారిత్రక కాలాన్ని, ఆ కాలంలో జీవించిన ఒక రచయిత్రిని, ఆ తరువాత నూరేళ్లకు పైగా గడిచాక పుట్టిన ఒక నవలా ప్రక్రియను ఒకే గాటన కట్టడమే వాటిలో ఎక్కువ భాగానికి మూలం.

అపోహ: ఇవి విక్టోరియా రాణి కాలం నాటి కథలు.

రీజెన్సీ అంటే రాజు తరఫున మరొకరు సాగించే పాలన. మూడో జార్జి మతిస్థిమితం కోల్పోయి పాలనకు అశక్తుడైనందున, 1811 ఫిబ్రవరిలో వచ్చిన చట్టం ప్రకారం ఆయన పెద్దకుమారుడు ‘ప్రిన్స్ రీజెంట్’ హోదాలో అధికారం చేపట్టి, 1820 జనవరిలో తండ్రి మరణించగా తానే నాలుగో జార్జిగా రాజయ్యాడు. ఈ తొమ్మిదేళ్లే అసలైన రీజెన్సీ. వాస్తుశైలి, వేషధారణల గురించి రాసేవారు ఈ హద్దును కొంత సడలించి సుమారు 1795 నుంచి 1837 దాకా లెక్కిస్తారు గాని, ఎంత సడలించినా అది విక్టోరియా సింహాసనమెక్కిన ఏడాది దగ్గర ఆగిపోతుంది. తెలుగు పాఠకులు ఆ కాలాన్ని గుర్తుపెట్టుకోవడానికి ఒక సంగతి చాలు: సి.పి. బ్రౌన్ ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా మద్రాసు చేరినది 1817లో, జేన్ ఆస్టెన్ కన్నుమూసినదీ ఆ ఏడాదే. ప్రయాణికుల రైలు గాని, టెలిగ్రాఫు గాని లేని రోజులవి కనుక, ఈ నవలల్లో కథ గుర్రపుబండి వేగంతోనే నడుస్తుంది. ఆలస్యంగా అందిన ఉత్తరం, దారిలో విరిగిన బండి చక్రం కథనే మలుపు తిప్పగలవు.

అపోహ: ఈ ప్రక్రియకు ఆద్యురాలు జేన్ ఆస్టెన్.

ఆస్టెన్ చారిత్రక నవల రాయలేదు. 1811లో ‘సెన్స్ అండ్ సెన్సిబిలిటీ’తో మొదలై, ఆమె మరణానంతరం 1817 చివర వెలువడిన రెండు పుస్తకాలతో ముగిసిన ఆరు నవలలూ ఆమె కళ్లెదుటి సమాజాన్ని, అందులోనూ బిరుదులు లేకపోయినా భూమిపై వచ్చే కౌలుతో మర్యాదగా బతికే ‘జెంట్రీ’ కుటుంబాలను చిత్రించిన సమకాలీన నవలలు. ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ కథానాయకుడు డార్సీకి ఏటా పదివేల పౌన్ల రాబడి ఉంది గాని బిరుదు లేదు. తన పాఠకులకు తెలిసిన సంగతులను ఆమె వివరించదు కూడా. గౌను ఏ గుడ్డతో కుట్టారో, బండికి ఎన్ని గుర్రాలు కట్టారో చెప్పవలసిన అవసరం ఆమెకు సాధారణంగా కలగలేదు.

ఆ వివరాలనే అలంకారంగా మలచి ప్రక్రియను నిర్మించినది జార్జెట్ హేయర్ (1902–1974). 1935లో వచ్చిన ‘రీజెన్సీ బక్’ మొదలుకొని, నాటి దుస్తులు, బండ్లు, జూదగృహాలు, యువకుల యాస వంటివాటిని నోటుపుస్తకాల్లో ఓపికగా ఎక్కించుకొని, వాటికి చురుకైన హాస్యాన్ని జోడించి ఆమె అల్లిన లోకమే తరువాతి రచయితలకు మూలపాఠమైంది. చాలామంది చరిత్రను కాక హేయర్‌ను చదివి రాశారు. అందువల్ల ఆమె ఇష్టాయిష్టాలు సైతం చరిత్రగా చలామణి అయ్యాయి. ఆమె దురభిప్రాయాలను కూడా పాఠకులు గమనించాలి: ‘ది గ్రాండ్ సోఫీ’లో యూదు వడ్డీ వ్యాపారిని చిత్రించిన తీరు, 1950లో, అంటే యూదుల నరమేధం లోకానికి తెలిసిన తరువాత వచ్చిన పుస్తకంలో ఉన్నందున, ఏ సమర్థనకూ లొంగేది కాదు.

అపోహ: పట్టుగౌన్లు, నాట్యాలు, పెళ్లి ప్రయత్నాలు తప్ప వీటిలో విషయం లేదు.

అపోహలన్నింటిలో బలమైనదీ, చదివే ఆనందాన్ని ఎక్కువగా దెబ్బతీసేదీ ఇదే. ఈ నవలల్లో పెళ్లి చుట్టూ కనిపించే ఆత్రుత ఆస్తిచట్టం నుంచి పుట్టింది. నాటి ఇంగ్లండు చట్టం ప్రకారం పెళ్లైన స్త్రీకి భర్త నుంచి వేరుగా చట్టపరమైన వ్యక్తిత్వం ఉండేది కాదు. ‘కవర్చర్’ అనే ఈ సూత్రం వల్ల ఆమె సొమ్ము, నగలు భర్త సొత్తయ్యేవి, ఆమె భూమిపై రాబడి అతడి అదుపులోకి వెళ్లేది. వివాహిత స్త్రీల ఆస్తి గురించి 1870లో, మరింత విస్తృతంగా 1882లో వచ్చిన చట్టాల దాకా ఈ స్థితి మారలేదు. కలిగిన కుటుంబాలు మాత్రం పెళ్లికి ముందే న్యాయవాదుల చేత ‘సెటిల్‌మెంట్’ పత్రం రాయించి, వధువు చేతిఖర్చుకు ఏటా ఎంత, వితంతువైతే భరణం ఎంత, పుట్టబోయే పిల్లలకు ఎంత అన్నది ముందుగానే తేల్చుకొనేవి.

ఎస్టేటు పెద్దకొడుకుకే దక్కే ఆచారం, దాన్ని వారసుడు అమ్ముకోకుండా కట్టడి చేసే ‘ఎంటైల్’ ఏర్పాటు కలిసి, చిన్నకొడుకులను సైన్యానికో చర్చికో, కూతుళ్లను పెళ్లికో తరిమేవి. 1753 నాటి హార్డ్‌విక్ చట్టం ప్రకారం ఇరవై ఒక్కేళ్లు నిండనివారు తల్లిదండ్రుల సమ్మతి లేకుండా లైసెన్సుతో చేసుకొన్న పెళ్లి చెల్లేది కాదు. ఆ చట్టం స్కాట్లండుకు వర్తించనందువల్లనే ప్రేమజంటలు సరిహద్దు దాటీ దాటగానే వచ్చే గ్రెట్నా గ్రీన్ గ్రామానికి పరుగులు తీసేవి. తిరిగి పెళ్లి చేసుకొనే హక్కుతో విడాకులు కావాలంటే 1857 చట్టం వచ్చేవరకు పార్లమెంటు చేత ఆ ఒక్క జంట కోసమే ప్రత్యేక చట్టం చేయించుకోవలసి వచ్చేది. నాట్యశాలలో ఎవరు ఎవరితో రెండుసార్లు ఆడారన్నది ఊరంతా ఎందుకు లెక్కపెట్టేదో ఈ నేపథ్యం తెలిసిన పాఠకులకు వేరే చెప్పనవసరం లేదు.

హేయర్ 1961లో ప్రచురించిన ‘ఎ సివిల్ కాంట్రాక్ట్’ ఇందుకు గట్టి నిదర్శనం. తండ్రి చేసిన అప్పుల్లో మునిగిన యువ ప్రభువు, తాను ప్రేమించిన సుందరిని వదులుకొని, పుట్టెడు డబ్బున్న నగర వ్యాపారి కూతురిని, ఏ ఆకర్షణా లేని జెన్నీని పెళ్లాడతాడు. కథకు పతాకఘట్టం ముద్దు కాదు, వాటర్లూ యుద్ధం. ఇంగ్లండు ఓడిపోయిందన్న పుకారుతో లండన్ భయపడి ప్రభుత్వ రుణపత్రాలను తెగనమ్ముకొంటున్న వేళ, మాజీ సైనికుడైన నాయకుడు సేనాని వెల్లింగ్టన్ మీద నమ్మకంతో వాటిని కొంటాడు. ఉద్వేగం లేని దాంపత్యం నెమ్మదిగా స్నేహంగా పండటాన్ని ఇంత నిజాయితీగా చూపిన ప్రణయ నవలలు అరుదు, అందుకే పరవశాన్ని కోరి వచ్చిన కొందరికి అది రుచించదు.

అపోహ: ఆనాటి చరిత్ర ఈ నవలల్లో ఉన్నదున్నట్టు కనిపిస్తుంది.

కనిపించదు. రాజకుటుంబానికి వెలుపల నాటి బ్రిటన్, ఐర్లండులలో ఉన్న డ్యూకులు ముప్పైమందికి అటూఇటూ మాత్రమే. నవలల్లో మాత్రం పెళ్లికాని యువ డ్యూకులు వందల్లో పుట్టుకొచ్చారు. మరమగ్గాలను పగలగొట్టిన లడ్డైట్లు, 1815 ధాన్యచట్టంతో ప్రియమైన రొట్టె, 1819 ఆగస్టులో మాంచెస్టరు సెయింట్ పీటర్స్ మైదానంలో నిరాయుధులపైకి దూసుకొచ్చిన అశ్వదళం ఈ కథల్లోకి అరుదుగా వస్తాయి. బానిస వ్యాపారాన్ని 1807లోనే నిషేధించినా, బానిసత్వాన్ని రద్దు చేసిన చట్టం 1833 దాకా రాలేదు గనుక, ఎన్నో భవనాల వెనుక కరిబియన్ చెరకుతోటల సొమ్ము ఉండేది.

అయితే భారతీయులను, ఆఫ్రికా సంతతివారిని ఈ కథల్లో చూపడం చరిత్రకు విరుద్ధమన్న వాదన కూడా నిలవదు. పాట్నాకు చెందిన దీన్ మహమ్మద్ 1810లో లండన్‌లో భారతీయ వంటకాల భోజనశాల తెరిచాడు. హైదరాబాదు రెసిడెంటు, అంటే నిజాం దర్బారులో కంపెనీ ప్రతినిధి, జేమ్స్ అకిలీజ్ కిర్క్‌పాట్రిక్‌కు, ఖైరున్నిసా బేగంకు 1802లో పుట్టిన కూతురు కిట్టీని 1805లో అన్నతోపాటు ఇంగ్లండుకు పంపించగా, ఆమె సరిగ్గా రీజెన్సీ ఏళ్లలోనే అక్కడి కుటుంబాల మధ్య పెరిగింది. తల్లిని మళ్లీ చూడలేదు. ఆమె తండ్రి కట్టించిన రెసిడెన్సీ భవనం నేటికీ కోఠి మహిళా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఉంది. ‘బ్రిడ్జర్టన్’ చూపే వర్ణసమానత కల్పనే గాని, నల్లవారూ గోధుమవర్ణులూ లేని లండన్ అంతకంటే పెద్ద కల్పన.

అపోహ: ముగింపు ముందే తెలుసు కనుక చదవడానికేమీ ఉండదు, ఉన్నదల్లా శృంగార వర్ణన.

నాయికానాయకులు చివరికి కలుస్తారన్నది ఈ ప్రక్రియ పాఠకులకిచ్చే హామీ. సీతాకల్యాణం హరికథలో విల్లు విరుగుతుందని తెలిసే శ్రోతలు తెల్లవార్లూ కూర్చుంటారు. ఇక శృంగారం సంగతికొస్తే, హేయర్ నవలలు ఒక ముద్దు దగ్గరే ఆగుతాయి. పడకగది తలుపు తెరిచిన ధోరణి 1972లో కాథ్లీన్ వుడివిస్ రాసిన ‘ది ఫ్లేమ్ అండ్ ది ఫ్లవర్’ తరువాత బలపడింది, 2000లో వచ్చిన జూలియా క్విన్ ‘ది డ్యూక్ అండ్ ఐ’ ఆ రెండో సంప్రదాయానికి చెందినది. రెండింటినీ కలిపి తూలనాడటంలో, ఆడవాళ్లు రాసి ఆడవాళ్లు చదివేది సాహిత్యమెలా అవుతుందన్న పాత చిన్నచూపు లేకపోలేదు. యద్దనపూడి సులోచనారాణి నవలలను పక్కకు నెట్టిన తెలుగు విమర్శకూ అది కొత్త కాదు.

ఈ ప్రక్రియను తొలిసారి పలకరించదలచినవారు హేయర్ 1965 నాటి ‘ఫ్రెడెరికా’తో మొదలుపెట్టి, తరువాత ‘ఎ సివిల్ కాంట్రాక్ట్’ చదివి, ఆ పైన క్విన్ జోలికి వెళ్లడం మంచిది. ఆస్టెన్‌ను మాత్రం ఈ వరుసలో చేర్చకుండా వేరుగానే చదవాలి.