వైద్యశాలలో కంప్యూటరు: అపోహలు – వాస్తవాలు

రోగి ఒక ఊర చూపించుకొని మరియొక ఊర శస్త్రచికిత్సకు పోయినపుడు, అతని పూర్వచరిత్ర యావత్తు సంచిలోని చీటీలపైననే ఆధారపడియుండుట మన కుటుంబములన్నింటికిని అనుభవపూర్వకముగా తెలిసినదే. ఈ కొరతను తీర్చుటకై కేంద్రప్రభుత్వము 2021 సెప్టెంబరు 27వ తేదీన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌ను దేశవ్యాప్తముగా ఆరంభించినది. సంకల్పము శ్లాఘనీయమే, కాని ఆ ఏర్పాటును గూర్చియు, దానిని నడుపవలసిన నర్సులు, ఏఎన్‌ఎంలు, వైద్యులు పొందవలసిన విద్యను గూర్చియు పెక్కు అపోహలు ప్రబలియున్నవి.

అపోహ: ఈ మిషన్ క్రింద ఇచ్చు ఆభా సంఖ్య తీసికొన్నచో మన రోగవివరములన్నియు ప్రభుత్వపు కంప్యూటరులో ఒకేచోట పోగుపడును.

వాస్తవం: 14 అంకెల ఆ సంఖ్య రోగిని గుర్తించు సాధనమే గాని రికార్డుల నిధి కాదు. రికార్డు ఏ వైద్యశాలలో వ్రాయబడినదో అచ్చటనే నిలుచును. అన్యవైద్యుడు దానిని చూడగోరినచో రోగి సమ్మతింపవలెను, ఇచ్చిన సమ్మతిని రోగి ఉపసంహరించుకొననువచ్చును. సంఖ్యను తీసికొనుటయు స్వచ్ఛందమే. అయితే ఓపీ కౌంటరువద్ద ఉద్యోగి ఈ సంగతులేవియు చెప్పక, ఫోనుకు వచ్చిన ఓటీపీని మాత్రమే అడిగి పుచ్చుకొన్నచో ఆ సమ్మతి నామమాత్రమే యగును; కనుక దానిని రోగికి వివరించి చెప్పు నేర్పు ఆ ఉద్యోగి విద్యలో ప్రథమపాఠము కావలెను.

అపోహ: కంప్యూటరు ప్రవేశించినంతనే మందుల పొరపాట్లు తొలగిపోవును.

వాస్తవం: అర్థముకాని చేతివ్రాతల బెడద తొలగుట నిజమే. కాని అమెరికాలోని పిట్స్‌బర్గ్ బాలల వైద్యశాలలో, వైద్యుల ఆదేశములను కంప్యూటరులో నమోదుచేయు పద్ధతి వచ్చిన పిదప, ఇతర ఆసుపత్రులనుండి తరలివచ్చిన పిల్లలలో మరణములు నూటికి 2.80 నుండి 6.57కు పెరిగినట్లు 2005లో అచ్చటి వైద్యులే ప్రకటించిరి. బిడ్డ దారిలో నుండగనే మందులు సిద్ధపరచు పూర్వపుటలవాటు, బిడ్డ వచ్చి పేరు నమోదైనగాని ఆదేశము సాగని కొత్త ఏర్పాటువలన ఆగిపోయినది. అదే సాఫ్ట్‌వేరును తగిన సన్నాహముతో నెలకొల్పిన సియాటిల్ బాలల వైద్యశాలలో మరణములు పెరుగలేదని మరుసటి యేడు వెల్లడియైనది. యంత్రమొకటే, దానిచుట్టు పనిని అమర్చుకొనిన తీరు, సిబ్బందిని సిద్ధపరచిన తీరు వేరు.

అపోహ: ఏ మీటను ఎప్పుడు నొక్కవలెనో చూపినచో శిక్షణ ముగిసినట్లే.

వాస్తవం: గర్భిణి హిమోగ్లోబిన్‌ను ట్యాబ్‌లో నమోదుచేయుట చేతిపని, ఆ అంకె 7 గ్రాములకు తగ్గినచో అది తీవ్రరక్తహీనతయని గ్రహించి వెంటనే పెద్దాసుపత్రికి పంపుట విద్య. గడి నిండవలెనని గతమాసపు అంకెనే వ్రాసినచో తెరపై లోపమేమియు కానరాదు, తల్లికి మాత్రము అపాయము వాటిల్లును. ఈ-సంజీవని ద్వారా దూరముననున్న వైద్యునితో రోగిని మాట్లాడించు ఉపకేంద్రపు ఉద్యోగికి, రోగిని పరీక్షించి కనుగొన్నదానిని క్రమముగా విన్నవించు శిక్షణ అవసరము. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లపై సైబరుదాడి జరిగినపుడు పెక్కుదినములు కాగితముపైననే పని సాగవలసివచ్చినది. కనుక కంప్యూటరు ఆగినవేళ వైద్యశాలను నడుపు అభ్యాసము కూడ ఈ విద్యలో అంతర్భాగమే.

అపోహ: కృత్రిమమేధ వచ్చినందున సిబ్బంది చదువు తగ్గినను నష్టము లేదు.

వాస్తవం: ఇన్‌ఫెక్షన్ ముదిరి అవయవములను దెబ్బతీయు సెప్సిస్‌ను ముందుగా పసిగట్టుటకై అమెరికాలో వందలాది ఆసుపత్రులు వాడుచుండిన ఒక సాధనమును మిచిగన్ విశ్వవిద్యాలయ వైద్యులు పరీక్షింపగా, సెప్సిస్ కలిగినవారిలో నూటికి 67 మందిని అది గుర్తింపలేదని 2021లో తేలినది, అయినను ఆసుపత్రిలో చేరికలలో నూటికి 18 సందర్భములలో అది హెచ్చరిక జారీచేసినది. ఇట్టి హెచ్చరికను విశ్వసింపవలెనో త్రోసిపుచ్చవలెనో నిర్ణయించుటకు మంచమువద్ద నిలిచిన నర్సుకు మునుపటికంటె అధికజ్ఞానమే కావలెను.

కావున యంత్రములు కొనునపుడే సిబ్బంది విద్యకు ద్రవ్యమును, డ్యూటీ వేళలలోనే అందుకు సమయమును కేటాయించుట, ప్రతిదినము ఆ తెరను వాడు నర్సుల, ఏఎన్‌ఎంల అభిప్రాయమును దాని రూపకల్పనలోనే గైకొనుట ప్రభుత్వముల కర్తవ్యము. ఈ వ్యయమును అదనపు భారమని తగ్గించిన ఆసుపత్రి, యంత్రమునకు వెచ్చించిన ధనమును సైతము రోగికి ఉపయోగపడనీయదు.