డాలరు పెరిగితే మన చీటీ డబ్బు చాలదు!

"డాలరు పెరిగింది" అని వార్తల్లో వింటే మనకెందుకులే అనుకుంటాం. పిల్లల చదువుకి లాప్‌టాప్ కొనబోయినప్పుడు తెలుస్తుంది, అది మన ఇంటి లెక్కేనని.

లాప్‌టాప్‌లో ఉండే చిప్పులు, మెమొరీ, స్క్రీను... వీటి బేరసారాలు ఎక్కువగా డాలర్లలోనే జరుగుతాయి. కాబట్టి కంపెనీ పైసా పెంచకపోయినా, రూపాయి తగ్గితే మనకి ధర పెరుగుతుంది. నేను కాగితం మీద లెక్క వేశాను. 2018 మొదట్లో డాలరు సుమారు 64 రూపాయలు. 2023 చివరికి సుమారు 83. వెయ్యి డాలర్ల వస్తువుకి 18 శాతం జీఎస్టీ కలిపితే అప్పుడు 75,520 రూపాయలు, తర్వాత 97,940. అంటే 22,420 రూపాయలు అదనం! అమెరికాలో ఉన్నవాళ్లకి మాత్రం అది అప్పుడూ ఇప్పుడూ వెయ్యి డాలర్లే.

ఈ బాధ మనదొక్కరిదే కాదు. 2022లో జపాన్ యెన్ బాగా పడిపోయింది. ఏడాది మొదట్లో డాలరుకి 115 యెన్‌లుంటే, అక్టోబరుకి 150 దాటింది. ఆ జులైలోనే ఆపిల్ అక్కడ ఐఫోన్, ఐప్యాడ్ ధరలు పెంచింది. అమెరికాలో పెంచలేదు.

ఇక పన్నులు. మన దగ్గర రేటులోనే జీఎస్టీ కలిసి ఉంటుంది. అమెరికాలో షాపులో రాసే ధర వేరు, బిల్లులో పన్ను వేరు. ఆ పన్ను రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. ఆరెగాన్, డెలావేర్‌లాంటి చోట్ల అసలు లేదు. అందుకే "అక్కడ చవక పిన్నీ, నేను తెస్తాగా" అని మా అక్క కొడుకు అన్నప్పుడు, "పన్నుతో కలిపి ఎంతో చెప్పు నాయనా" అన్నాను.

పద్దెనిమిదేళ్లు నిండిన ప్రయాణికులు విదేశాల నుంచి ఒక లాప్‌టాప్‌ని సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు. అయితే వారంటీ మన దేశంలో చెల్లుతుందో లేదో ముందే కనుక్కోవాలి. చెల్లకపోతే, చెడిపోయిన రోజున మిగిలిందనుకున్న డబ్బు మరమ్మతుకే పోతుంది.

ఇంకో మాట. రూపాయి పడిన మర్నాడే షాపులో ధర మారదు. పాత రేటుకి తెచ్చిన సరుకు అయిపోయాకో, కొత్త మోడల్ వచ్చాకో పెరుగుతుంది. కాలేజీలో చేరడానికి నాలుగు నెలలు టైముంటే, రెండు మూడు షాపుల్లో పాత స్టాకు అడిగి చూడండి. కొత్త మోడల్ మోజులో పడకుండా, పిల్లల చదువుకి ఏది సరిపోతుందో వాళ్లనే అడిగి కొనండి.